ఉప్పాడ బీచ్ రోడ్డుకు ప్రతి తుపానుకూ రాళ్లే ఎందుకు? శాశ్వత రక్షణకు నిధులు ఎందుకు రావు? అసలు తిరకాసు ఇదే..

కాకినాడ నుంచి ఉప్పాడకు బీచ్ రోడ్డులో ఒక్కసారి వెళ్లినా ఆ దృశ్యం గుర్తుండిపోతుంది. ఒక పక్క రోడ్డు.. పక్కనే నల్లరాళ్ల గుట్ట.. రాళ్ల మీదుగా ఎగిరి బండి అద్దాల మీద పడే సముద్రపు నీళ్లు. మామూలు రోజుల్లో ఇది సెల్ఫీ స్పాట్. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం ముందుగా మూసేసే రోడ్డు ఇదే.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఉప్పాడ అక్కడికి చాలా దూరం. అయినా అలలు రోడ్డు మీదికి వచ్చాయి. రాకపోకలు ఆపేశారు. రోడ్డు మళ్లీ దెబ్బతింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఇదే కథ. 2022 మేలో అసని వచ్చినప్పుడూ ఇదే కథ.

తుపాను పోయాక ఏం జరుగుతుందో అక్కడి వాళ్లకు బట్టీ వచ్చేసింది. అధికారులు వస్తారు. లారీల్లో రాళ్లు వస్తాయి. గుంతలు పూడుస్తారు. రోడ్డు తెరుస్తారు. మళ్లీ తుపాను వస్తుంది.

మరి ఒకేసారి శాశ్వతంగా ఎందుకు కట్టరు? డబ్బులు లేకనా? మనసు లేకనా? రెండూ కొంత నిజమే. కానీ అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మన దేశంలో ప్రభుత్వ నిధులు రెండు ప్రశ్నలు అడిగాకే కదులుతాయి. ఒకటి, ఆ ఊరు పల్లెనా పట్నమా? రెండు, ఆ నష్టం ఏ విపత్తు వల్ల జరిగింది? ఉప్పాడ ఈ రెండు ప్రశ్నల మధ్య నలిగిపోతోంది. ఎలాగో చూద్దాం.

సముద్రం ఉప్పాడ మీదే ఎందుకు పడింది?

కాకినాడ ఊరికి ఎదురుగా సముద్రంలో ఒక సన్నటి ఇసుక దిబ్బ ఉంటుంది. అదే హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడింది. కాకినాడకు ఇది సహజమైన గోడ. పెద్ద అలలు ముందు దాన్ని కొట్టాలి, తర్వాతే ఊరిని చేరాలి. కాకినాడకు ఓడరేవు రావడానికి కూడా ఆ ప్రశాంతమైన అఖాతమే కారణం.

ఉప్పాడ ఆ దిబ్బ నీడ దాటాక, ఉత్తరాన ఉంది. అంటే అలల దెబ్బ నేరుగా తగిలే చోట ఉంది. అంతే కాదు.. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రం ఒక చేత్తో తీసుకుపోయిన ఇసుకను ఇంకో చేత్తో తెచ్చి ఇవ్వాలి. ఉప్పాడకు రావాల్సిన ఆ ఇసుక దారిలోనే ఆగిపోతోంది. కొంత హోప్ ఐలాండ్ దగ్గర చేరుతుంది. ఓడల కోసం తవ్వే కాలువ, రేవు కట్టడాలు మరికొంత ఆపుతాయి. గోదావరి మీద ఎగువన కట్టిన ఆనకట్టల వల్ల నది తెచ్చే ఒండ్రు కూడా ముందున్నంత లేదు.

ఫలితం.. తీసుకుపోవడమే కానీ తెచ్చి ఇవ్వడం లేదు. ఇళ్లు, గుళ్లు, వీధులకు వీధులే కెరటాల్లో కలిసిపోయాయి. 'మా తాతల ఊరు అదిగో అక్కడ' అని మత్స్యకారులు సముద్రంలోకి చెయ్యి చూపించడం ఇక్కడ మామూలే.

ఇది ఉప్పాడ ఒక్కదాని సమస్య కాదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క తీసింది. దేశ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని తేలింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో నాలుగో వంతుకు పైగా ఈ జాబితాలో ఉంది.

ఉప్పాడ పల్లెనా, పట్నమా?

కాగితం మీద ఉప్పాడ ఒక గ్రామ పంచాయతీ. కాకినాడ జిల్లా, యు.కొత్తపల్లి మండలం, పిఠాపురం నియోజకవర్గం. మరి నేల మీద?

కాకినాడ నగరం అంచు నుంచి ఉప్పాడకు 20 కిలోమీటర్ల లోపే. మధ్యలో వాకలపూడి పారిశ్రామిక ప్రాంతం. అటు పిఠాపురం, సామర్లకోట, గొల్లప్రోలు. ఇటు యు.కొత్తపల్లి, తొండంగి మండలాల్లో కాకినాడ సెజ్. కొత్తగా ఔషధ పరిశ్రమలు, కొత్త రేవు పనులు. ఉప్పాడలో వేట ఒక బతుకుదెరువు, జాందానీ నేత ఇంకో బతుకుదెరువు. ఆ చీరకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడ ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పొద్దున్నే బస్సుల్లో, ఆటోల్లో పనికి కాకినాడ వెళ్లేవాళ్లు ఎంతమందో. చూడ్డానికి ఇదంతా కలిపి ఒకే పట్టణ ప్రాంతం.

కానీ ప్రభుత్వ రికార్డుకు కంటికి కనిపించేది సరిపోదు. జనగణన లెక్క ప్రకారం ఒక ఊరిని పట్టణం అనాలంటే మూడు షరతులు. జనాభా కనీసం 5 వేలు ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి. పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఈ మూడో షరతు దగ్గరే మత్స్యకార గ్రామాలకు చిక్కు వచ్చింది. 1981 జనగణనలో చేపల వేటను వ్యవసాయేతర పనుల జాబితా నుంచి తీసేశారు. అంటే ఆ లెక్క ప్రకారం ఊరు ఎంత ఇరుకైనా, సెంటు పొలం లేకపోయినా, వేటకు వెళ్లేవాళ్లు ఎక్కువగా ఉంటే అది పల్లె కిందే పడింది!

పల్లె అయితే నష్టం ఏంటి? కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకం లక్ష జనాభా దాటిన నగరాలకు. 2021లో వచ్చిన అమృత్ 2.0 మున్సిపాలిటీ హోదా ఉన్న అన్ని పట్టణాలకు. తాగునీరు, మురుగునీటి శుద్ధి లాంటి పెద్ద పనులకు అందులో డబ్బులు ఉంటాయి. పంచాయతీకి ఆ తలుపు తెరుచుకోదు. పంచాయతీకి వచ్చింది జల్ జీవన్ మిషన్, 2026 వరకు 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు. ఆ గ్రాంట్లకు కూడా ప్రధాన ఆధారం 2011 జనాభానే. ఆ తర్వాత ఇక్కడ ఎన్ని పరిశ్రమలు వచ్చినా, ఎంతమంది చేరినా లెక్క మాత్రం 2011 దగ్గరే ఆగింది.

మరి కాకినాడ స్మార్ట్ సిటీ కదా?

కరెక్టే. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో కాకినాడ ఉంది. మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, కాకినాడ ఈ రెండే ఆ తొలి జాబితాలో చోటు సంపాదించాయి. ఒక్కో నగరానికి కేంద్రం వాటా 500 కోట్ల రూపాయలు, రాష్ట్రం వైపు నుంచి అంతే మొత్తం అన్నది పథకం రూపం. ఆ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది.

కానీ ఆ డబ్బు నగర పాలక సంస్థ గీత లోపలే ఖర్చు కావాలి. గీత దాటితే వాకలపూడి.. ఆ తర్వాత ఉప్పాడ. నగరం పెరిగింది గీత బయట. డబ్బు ఆగింది గీత లోపల. వేగంగా పెరిగే ప్రతి ఊరి చుట్టూ కనిపించే కథే ఇది. ఇక్కడ తేడా ఏంటంటే, గీత బయట ఉన్నది ఖాళీ ప్లాట్లు కావు. సముద్రంతో గొడవ పడుతున్న వేల కుటుంబాలు.

తుపానుకు డబ్బులు వస్తాయి.. కోతకు రావు!

ఇప్పుడు రెండో ప్రశ్న. నష్టం ఏ విపత్తు వల్ల జరిగింది?

విపత్తు సహాయ నిధి కింద కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితా ఒకటి ఉంది. తుపాను, కరవు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు.. 2022-26 నిబంధనల్లో ఇలా 12 రకాలు. ఆ జాబితాలో సముద్రపు కోత లేదు. ఒకే రాత్రి గాలివానకు ఇల్లు పడితే అది విపత్తు. అదే ఇల్లు ఆరు నెలల పాటు కొంచెం కొంచెంగా పునాది జారి సముద్రంలోకి ఒరిగితే అది ఆ జాబితాలోకి రాదు.

ఇంకో విషయం. 2022-26 నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే సాయం 1.20 లక్షల రూపాయలు. ఇల్లు కూలినా స్థలం అక్కడే ఉంటుంది, మళ్లీ కట్టుకుంటారు అన్నది ఆ లెక్క వెనక ఆలోచన. ఉప్పాడలో, కోనపాపపేటలో ఇంటితో పాటు స్థలమే పోతోంది. డబ్బు చేతికి వచ్చినా కట్టుకోవడానికి నేల ఏది?

15వ ఆర్థిక సంఘం ఈ లోటును గమనించింది. నది కోత, సముద్రపు కోత ఆపే పనులకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు ఇవ్వాలని సిఫారసు చేసింది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఇది 2021 నుంచి 2026 వరకు, అయిదేళ్లకు, దేశం మొత్తానికి. 1,500 కోట్లను అయిదుతో భాగిస్తే ఏడాదికి 300 కోట్లు. అందులో అస్సాం నుంచి కేరళ వరకు అన్ని నదులు, అన్ని తీరాలు సర్దుకోవాలి. ఒక్క స్మార్ట్ సిటీకి కేంద్రం వాటా 500 కోట్లు అని పైన చెప్పుకున్నాం. పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమైపోతుంది.

70 - 30 లెక్క ఏంటి?

రాష్ట్రాలకు వచ్చే విపత్తు నిధిని 15వ ఆర్థిక సంఘం ఎలా పంచిందో చూడండి. ప్రతి 100 రూపాయల్లో..

తక్షణ సహాయానికి 40 రూపాయలు.
పునరుద్ధరణ, పునర్నిర్మాణానికి 30 రూపాయలు.
సన్నద్ధతకు 10 రూపాయలు.
ముప్పు తగ్గించే పనులకు 20 రూపాయలు.

అంటే దెబ్బ తగిలాక 70. తగలకముందు 30. ముప్పు తగ్గించడానికి విడిగా నిధి పెట్టడమే 15వ ఆర్థిక సంఘం తెచ్చిన మంచి మార్పు. కాదనడం లేదు. కానీ దెబ్బ తగిలాక ఇచ్చే వాటానే ఇప్పటికీ పెద్దది. అందుకే ఉప్పాడకు తుపాను తర్వాత లారీ రాళ్లు తేలిగ్గా వస్తాయి. తుపానుకు ముందు గోడ మాత్రం రాదు. ఆ రాళ్లు కూడా జనం సొమ్మే. ఏటేటా సముద్రంలో పోస్తున్న ఆ సొమ్మును మరమ్మతు అంటాం కానీ పెట్టుబడి అనలేం.

ఇక్కడి నుంచి వెళ్తోంది ఎంత?

'గోదావరి జిల్లాలకేం, ధనిక జిల్లాలు' అనే మాట మనం వింటూనే ఉంటాం. రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం వెనుకబడిన జిల్లాలకు ప్రత్యేక సాయం ఇచ్చింది. రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు, జిల్లాకు 50 కోట్ల చొప్పున. అప్పటి తూర్పు గోదావరి అందులో లేదు. డెల్టా పొలాల పచ్చదనం చూసిన లెక్కలో తీరం వెంట మత్స్యకారుడి గుడిసె కనిపించదు.

మరి ఈ ప్రాంతం దేశానికి ఇస్తున్నది తక్కువా? కాకినాడ రేవు నుంచి బియ్యం విదేశాలకు వెళ్తోంది. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ ఇక్కడి సముద్రంలోంచే వస్తోంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కాకినాడ తీరానికి ఎదురుగా లోతు సముద్రంలోంచి తొలిసారి చమురు తీసింది. చమురు బావి నేల మీద ఉంటే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలో ఉంటే కేంద్రానికి వెళ్తుంది. అంటే వేటకు వెళ్లే దారిలో రిగ్గులు ఉంటాయి.. రాయల్టీ మాత్రం ఢిల్లీలో ఉంటుంది.

పెట్టుబడి అసలు రావడం లేదని కాదు. రేవును జాతీయ రహదారితో కలిపేందుకు వాకలపూడి, ఉప్పాడ, అన్నవరం వైపు రోడ్డు పనులు చేపట్టారు. 2020 నవంబరు 21న ఉప్పాడ ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన చేశారు. అదే రోజు జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నంలోనూ చేశారు. అయిదేళ్లు గడిచాయి. అప్పటికీ ఉప్పాడ హార్బర్ పూర్తిస్థాయిలో చేతికి రాలేదు. 2025 సెప్టెంబరులో పరిశ్రమల వ్యర్థాలతో చేపలు దొరకడం లేదని మత్స్యకారులు రోడ్డెక్కారు. అక్టోబరు 9న ఉప ముఖ్యమంత్రి, స్థానిక ఎమ్మెల్యే పవన్ కల్యాణ్ ఉప్పాడకు వచ్చి వాళ్లతో మాట్లాడారు. కోత విషయంలోనూ 2024 జులైలోనే ఆయన తీరాన్ని పరిశీలించి శాశ్వత పరిష్కారం చూపిస్తామన్నారు. ఉప ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గానికే ఇంత ఆలస్యం అవుతుంటే, ఎవరూ పట్టించుకోని తీర గ్రామాల సంగతి ఏంటి?

అడిగేవాళ్లు ఏరీ?

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. కాకినాడ నగర పాలక సంస్థకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2017 ఆగస్టు 29న. 2022 సెప్టెంబరులో పాలకవర్గం గడువు ముగిసింది. అప్పటి నుంచి ప్రత్యేకాధికారి పాలనే. రాజమహేంద్రవరంలో 2019లోనే గడువు ముగిసింది. గడువు తీరేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది.

దీనివల్ల నష్టం రెండు రకాలు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంట్లకు అడ్డు పడుతుంది. నగరం పక్క ఊళ్ల గురించి కౌన్సిల్‌లో లేచి అడిగే కార్పొరేటర్, సమాధానం చెప్పే మేయర్ కూడా ఉండరు. అధికారులు పనిచేయరని కాదు. కానీ బదిలీ అయ్యే అధికారిని జనం వచ్చే ఎన్నికల్లో నిలదీయలేరు కదా!

అందరికీ అవసరాలే.. ఉప్పాడకే ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. అమరావతికి కావాలి. కేంద్రం 2024 బడ్జెట్లో 15 వేల కోట్ల ఏర్పాటు ప్రకటించింది కూడా. రాయలసీమకు నీళ్లు కావాలి. ఉత్తరాంధ్రకు ఆస్పత్రులు కావాలి. వాళ్ల ముద్ద లాక్కోమని ఎవరూ అడగడం లేదు. అడిగేది ఒక్కటే. పరిశ్రమల కోసం భూమి ఇచ్చిన చోట, రేవు వల్ల తీరం మారుతున్న చోట, జనం పెరుగుతున్న చోట.. ఆ భారాన్ని బట్టి నిధులు రావాలి. పరిశ్రమ పెట్టేటప్పుడు ఇది 'పారిశ్రామిక కారిడార్' అవుతుంది. మురుగు కాలువ అడిగితే 'గ్రామ పంచాయతీ' అవుతుంది. ఈ రెండు నాలుకల ధోరణి పోవాలి.

అలాగని ఉప్పాడను వెంటనే నగరంలో కలిపేయడమే మందు అనుకుంటే పొరపాటు. కలిపితే ఆస్తి పన్ను పెరుగుతుంది. ఉపాధి హామీ పని దినాలు పోతాయి. పంచాయతీగా వచ్చే గ్రాంట్లు ఆగుతాయి. వేటకు విరామం ఉండే రెండు నెలలు ఎలా గడుస్తాయో తెలిసిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి గ్రామసభలో చర్చించకుండా గీత మార్చడం కూడా అన్యాయమే అవుతుంది.

గోడ కడితే అయిపోతుందా?

ఇదీ అంత సులువు కాదు. ఉప్పాడలో దశాబ్దంన్నర కిందటే జియో ట్యూబ్ రక్షణ కట్టారు. పెద్ద పెద్ద గుడ్డ సంచుల్లాంటి గొట్టాల్లో ఇసుక నింపి, పైన రాళ్లు పేర్చే పద్ధతి అది. కొన్నేళ్లు కాపాడింది. తర్వాత నిర్వహణ లేక, వరుస తుపాన్లకు దెబ్బతింది. పాఠం ఏంటంటే, కట్టడానికి డబ్బుతో పాటు ఏటా చూసుకోవడానికీ డబ్బు కేటాయించాలి.

ఇంకో పాఠం.. ఒక చోట గోడ కడితే కోత ఆగదు, పక్కకు జరుగుతుంది. ఉప్పాడ బాగుపడి, ఉత్తరాన ఉన్న సుబ్బంపేట, కోనపాపపేట మునిగితే అది పరిష్కారం కాదు. అందుకే నిపుణులు తీరం మొత్తాన్ని ఒకే ముక్కగా చూడాలంటారు. రేవు కాలువలో తవ్విన ఇసుకను లోతు సముద్రంలో పారబోయకుండా, కోతపడుతున్న ఒడ్డుకు చేర్చడం ఒక మార్గం. దీన్నే శాండ్ బైపాసింగ్ అంటారు. పుదుచ్చేరిలో రేవు వల్ల మాయమైన బీచ్‌ను ఇసుక పోసి, నీటి అడుగున కట్టడం కట్టి కొంతవరకు తిరిగి తెచ్చుకున్నారు. చేయలేని పని కాదన్నమాట.

ఇప్పుడు ఏం అడగాలి?

 మూడు తేదీలు గుర్తుంచుకోవాలి.

ఒకటి.. 2025 డిసెంబరు 31. జనగణన కోసం ఊళ్లు, వార్డులు, పట్టణాల సరిహద్దులు మార్చుకోవడానికి పెట్టిన గడువు అదే. ఆ తర్వాత జనగణన పూర్తయ్యే వరకు గీతలు కదలవు.

రెండు.. 2026 ఏప్రిల్ 1. 16వ ఆర్థిక సంఘం కాలం మొదలయ్యేది ఆ రోజే. 2031 వరకు డబ్బులు ఎలా పంచాలో దాంతోనే తేలుతుంది. కోతను విపత్తుల జాబితాలో చేర్చాలని, ముప్పు తగ్గించే వాటా పెంచాలని మన ఎంపీలు గట్టిగా అడగాలి.

మూడు.. 2027 ఫిబ్రవరి. జనాభా లెక్కింపు అప్పుడే. ఉప్పాడలో, పిఠాపురంలో, కాకినాడ శివార్లలో ప్రతి ఇల్లూ, అద్దెకు ఉండే ప్రతి కూలీ ఆ లెక్కలోకి రావాలి. ఎందుకంటే 2011 లెక్క 15 ఏళ్లుగా మనల్ని ఎలా నడిపిందో పైన చూశాం. రేపటి లెక్క కూడా అలాగే ఏళ్ల తరబడి నడుపుతుంది.

వీటితో పాటు కాకినాడ, రాజమహేంద్రవరం ఎన్నికలు. హార్బర్ పూర్తి చేసే తేదీ. ఇల్లు, స్థలం రెండూ పోయిన కుటుంబాలకు ఊరికి దగ్గర్లోనే, పడవలు ఆపుకునే చోటుకు నడిచి వెళ్లగలిగేంత దూరంలో స్థలాలు. తీరానికి పది కిలోమీటర్ల దూరంలో ఇల్లు కట్టి ఇస్తే మత్స్యకారుడు అక్కడ ఉండడు. తెల్లవారుజామున మూడింటికి వలతో బయల్దేరే మనిషి సముద్రం పక్కనే ఉంటాడు.

చివరిగా ఒక్క మాట. వచ్చే తుపానుకు మళ్లీ లైవ్ కవరేజ్ ఉంటుంది. ఎగిసిపడే అలలు, కొట్టుకుపోయే రోడ్డు మీ ఫోన్లలో కనిపిస్తాయి. ఆ వీడియో చూసినప్పుడు 'అయ్యో' అనుకోవడంతో ఆగకండి. ఆ రోడ్డు మీద కనిపించే రాళ్లను ఒకసారి గమనించండి. అవి కిందటి తుపానుకు వేసిన రాళ్లేనా, కొత్తగా వేసినవా? అదే ప్రశ్న మీ ఎమ్మెల్యేను, ఎంపీని అడగండి.